క్షణం తెలిసిన ఫొటోగ్రాఫర్‌ను ఎంచుకోవడం ఎలా? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంట్లో వేడుక అనుకోగానే ఫొటోగ్రాఫర్ వేట మొదలవుతుంది. తెలిసినవాళ్లు నాలుగు పేర్లు చెబుతారు, వాళ్ల పేజీలు తెరిచి చూస్తాం. అన్నీ బాగానే ఉంటాయి. మెత్తటి వెలుగు, మసకేసిన వెనకభాగం, కెమెరా వైపు చూసి నవ్వే జంట. అందులో ఒకరిని ఖాయం చేసుకుంటాం. తీరా ఫొటోలు చేతికొచ్చాక ఏదో వెలితి. మనుషులంతా ఉన్నారు, బట్టల రంగులు చక్కగా వచ్చాయి, కానీ ఆ రోజు జరిగింది అందులో లేదు. చెల్లెలు అక్క భుజం మీద తల వాల్చిన ఆ రెండు సెకన్లు లేవు. తాతగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నది లేదు. ఈ వెలితి ఎక్కడినుంచి వస్తుందో, అడ్వాన్స్ కట్టకముందే దాన్ని ఎలా పసిగట్టాలో ఈరోజు చెప్పుకుందాం.

మనిషి కంటితో ఒకటి చూసి, వేలితో మీట నొక్కడానికి సుమారు పావు సెకను పడుతుంది. కెమెరా కిందికి వేలాడుతుంటే దాన్ని కంటి దాకా ఎత్తడం, ఫ్రేము సరిచూసుకోవడం కలిపి సెకను దాటిపోతుంది. ఏడుపు ఆపుకోవడానికి పెదవి బిగబట్టే ముఖం అంతసేపు ఆగదు. అందుకే జరిగింది చూసి తీసే ఫొటోలన్నీ జరిగిపోయాక తీసినవే అవుతాయి. క్షణం దొరకాలంటే అది రాబోతోందని ఫొటోగ్రాఫర్‌కు ముందే తెలియాలి, సరైన చోట నిలబడి ఉండాలి, కెమెరా కంటి దగ్గర ఉండాలి. నేను చెప్పబోయేదంతా ఈ ముందుచూపు ఒక మనిషిలో ఉందో లేదో కనిపెట్టడం గురించే.

1920ల చివర్లో బెర్లిన్‌లో ఎరిక్ సాలమన్ అనే ఆయన ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరాతో సమావేశ మందిరాల్లో ఫొటోలు తీసేవాడు. దాని లెన్స్ ఎఫ్ 2. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్‌లోకి అంత ఎక్కువ వెలుగు వస్తుంది. ఆ కాలానికి అది చాలా వెలుగు లోపలికి తెచ్చుకునే లెన్స్, కాబట్టి ఫ్లాష్ వెలిగించకుండా గదిలో ఉన్న దీపాలతోనే పని జరిగేది. అయితే గాజు పలకలు ఒక్కొక్కటే మార్చుకుంటూ తీయాలి. వరుసగా వంద కొట్టి ఒకటి ఏరుకునే వీల్లేదు. ఎవరు ఎవరి వైపు వంగుతారో, ఎవరి ఓపిక ఎప్పుడు చచ్చిపోతుందో కనిపెట్టుకుని కూర్చోవాలి. నిలబెట్టకుండా, సహజంగా ఉన్నప్పుడు తీసే ఫొటోలకు క్యాండిడ్ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది ఆయన ఫొటోలతోనే. ఇప్పటి కెమెరాలు సెకనుకు 10, 20 ఫొటోలు కొడతాయి. మంచిదే. కానీ తప్పు వైపు నిలబడి సెకనుకు 20 కొడితే 20 వీపులు వస్తాయి.

ఇక ఎంపిక సంగతికి వద్దాం. వాళ్లు ఏరి పెట్టిన 30 ఫొటోలు చూసి నిర్ణయించకండి. వందల గంటల పనిలోంచి 30 మంచి ఫొటోలు ఎవరైనా చూపించగలరు. మీరు అడగవలసింది ఒకే వేడుక, మొదటినుంచి చివరిదాకా, కుటుంబానికి అందజేసిన ఫొటోలన్నీ. అలాంటివి రెండు చూస్తే చాలు, మూడైతే ఇంకా నయం. మీది రాత్రిపూట హాల్లో జరిగేదైతే రాత్రిపూట హాల్లో జరిగిందే అడగండి. ఆరుబయట తీసినవి ఎన్ని చూసినా హాల్లో ఏం చేస్తారో తెలియదు. వేరేవాళ్ల ఇంటి ఫొటోల లింకు పంపడానికి వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అది తప్పు పట్టవలసిన విషయం కాదు, రేపు మీ ఫొటోలనూ అలాగే కాపాడతారు. అప్పుడు ఎదురుగా కూర్చుని, వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే గంటసేపు చూడండి. ఎలాగూ చూపించలేమంటే మాత్రం ఇంకొకరిని వెతుక్కోవడం మేలు.

మొత్తం ఫొటోలు తెరిచాక ముందు ఎక్కడికి వెళ్లాలి? ఎవరో ఒకరు మైకు పట్టుకుని మాట్లాడే ఘట్టానికి. పెళ్లైనా, పదవీ విరమణైనా, స్నాతకోత్సవమైనా ఇది ఉంటుంది. ఆ పది నిమిషాల్లో తీసినవి ఒక 15 ఫొటోలు ఉన్నాయనుకోండి. పదిహేనూ మాట్లాడేవాళ్లవే, మైకు నోటికి అడ్డం, అన్నీ ఒకే కోణం నుంచి ఉంటే ఆ ఫొటోగ్రాఫర్ పదినిమిషాలూ ఒకేచోట నిలబడి హాజరు వేయించుకున్నారన్నమాట. క్షణం తెలిసినవాళ్లు మాట్లాడే మనిషిని నాలుగైదు తీసి, వెంటనే వినేవాళ్ల వైపు తిరుగుతారు. ఆ మాటలు ఎవరి గురించో వాళ్ల ముఖం కావాలి కదా! ఇక్కడ ఇంకొంచెం దగ్గరగా చూడండి. వినే మనిషి నవ్వుతున్న ఫొటో ఒకటి కనిపిస్తే, దానికి ముందు ఫొటో ఏమిటో చూడండి. అదే మనిషి, అదే కోణం, ఇంకా నవ్వు రాలేదు, మాట్లాడేవాళ్ల వైపు మెడ సాచి వింటున్నారు. తర్వాతి దాంట్లో నవ్వు పొంగింది. ఆ తర్వాతి దాంట్లో పక్కవాళ్ల చేయి పట్టుకున్నారు. ఇలా నవ్వుకు ముందు ఫొటో ఉందంటే, నవ్వు వస్తుందని ఎవరో అక్కడ కాచుకుని ఉన్నారని అర్థం. నవ్వు ఆఖర్న, కళ్లు పక్కకు తిరిగాక మొదలయ్యే ఫొటోలే ఉంటే ఆ మనిషి చప్పుడు విని తిరిగారు.

రెండోది, ఆలింగనాలు. ఇద్దరు కౌగిలించుకున్నప్పుడు కెమెరాకు ఒక ముఖమే దొరుకుతుంది. ఏ ముఖం దొరికిందన్నదే ప్రశ్న. దూరం నుంచి వచ్చిన కొడుకును తల్లి దగ్గరికి తీసుకుంటుంటే తల్లి ముఖం కనిపించే వైపుకు ముందే చేరుకోవాలి. ఒక వేడుకలో పది ఆలింగనాలు ఉంటే ఆరేడింటిలో సరైన ముఖం దొరికితే చాలా మంచి పని. అన్నింటిలోనూ వీపులే ఉంటే వదిలేయండి.

మూడోది చూడటం సులువు. గ్రూప్ ఫొటోలు పక్కన పెట్టి, మిగిలినవాటిలో ఎంతమంది కెమెరా వైపు చూస్తున్నారో గమనించండి. సగానికి పైగా చూస్తుంటే, ఆ ఫొటోగ్రాఫర్ ప్రతి చోటా వేడుకను ఆపి 'ఇటు చూడండి' అంటున్నారు. వాళ్లు అడుగుపెట్టిన చోటల్లా మనుషులు మాటలు ఆపేసి సర్దుకు నిలబడతారు.

ఫొటోలు చూస్తూ చూస్తూ ఒక ముఖం మీద వేలు పెట్టి 'ఈవిడ ఎవరండీ?' అని అడగండి. జంట కాకుండా, వెనక వరుసలో మనిషిని చూపించి అడగండి. 'వాళ్ల చిన్న అత్తయ్య, ఆ అమ్మాయిని పెంచింది ఆవిడే' అని ఠక్కున చెబితే, ఆ రోజు ఎవరు ఎవరికి ఏమవుతారో కనుక్కుని తీశారని తెలుస్తుంది. ఏడాది కిందటి వేడుకలో ప్రతివాళ్లూ గుర్తుండాలని లేదు. ఒక్కరూ గుర్తులేకపోతే మాత్రం ఆలోచించాలి. నా ఉద్దేశంలో ఈ ఒక్క ప్రశ్న కెమెరా గురించి అడిగే పది ప్రశ్నల కన్నా ఎక్కువ చెబుతుంది.

కెమెరా గురించి అసలు అడగొద్దని కాదు. ఏ కంపెనీది, ఎంత ఖరీదుది అన్నది అనవసరం. వెలుగు చాలనప్పుడు ఏం చేస్తారన్నది అవసరం. హాల్లో మనుషులు కదులుతుంటారు. చేతులు, ముఖాలు చెదరకుండా రావాలంటే షట్టర్, అంటే వెలుగును లోపలికి వదిలే తెర, సెకనులో 125వ వంతు సేపే తెరుచుకోవాలి, ఇంకా వేగంగా కదిలితే 250వ వంతు. మసక హాల్లో ఎఫ్ 2.8 లెన్స్‌తో అంత వేగం కావాలంటే ఐఎస్‌ఓను, అంటే కెమెరా వెలుగును పట్టుకునే సున్నితత్వాన్ని, 3200, 6400 దాకా పెంచవలసి వస్తుంది, ఫొటోలో గరుకు పెరుగుతుంది. ఎఫ్ 1.8 లెన్స్ వాడితే దాదాపు రెండున్నర రెట్లు వెలుగు వస్తుంది, కానీ ఫోకస్ లోతు, అంటే స్పష్టంగా కనిపించే దూరం, తగ్గి ఇద్దరిలో ఒకరి కళ్లు మసకబారవచ్చు. ఇదంతా తూచుకుని చేయాల్సిన పని. గరుకుగా ఉన్నా ముఖం స్పష్టంగా ఉన్న ఫొటో నిలబడుతుంది, చెదిరిపోయిన ముఖాన్ని ఎడిటింగ్ నిలబెట్టలేదు.

ఫ్లాష్‌ను తెల్లటి పైకప్పుకు కొట్టి కిందికి మెత్తగా దించడం చాలామంది చేసే పద్ధతి. పైకప్పు నల్లగా ఉన్నా, మరీ ఎత్తులో ఉన్నా ఆ వెలుగు తిరిగి రాదు. అప్పుడు గత్యంతరం లేక ఫ్లాష్‌ను సూటిగా ముఖాల మీద కొడితే నుదుళ్లు మెరుస్తాయి, వెనకంతా చీకటి గుహ అవుతుంది. మీ హాలు ఫొటో ఒకటి చూపించి, ఇక్కడ ఎలా తీస్తారని అడగండి. ఒకసారి ముందుగా వచ్చి చూసుకుంటామనేవాళ్లూ, పక్కన స్టాండు మీద ఫ్లాష్ పెడతామనేవాళ్లూ ఆలోచించి మాట్లాడుతున్నారు.

ఎల్‌ఈడీ దీపాలది ఇంకో చిక్కు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, 60 హెర్ట్జ్ అయితే 120 సార్లు. కంటికి తెలియదు గానీ, చప్పుడు రాకూడదని, తెర కదలని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి తీస్తే ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు పడతాయి. స్టేజి మీది రంగు దీపాల్లో ఇది మరీ ఎక్కువ, ముఖం మీద పడితే తీసేయడం దాదాపు అసాధ్యం. తెర కదిలే మామూలు షట్టర్‌కు మారడమో, వేగాన్ని 100వ వంతు (60 హెర్ట్జ్ అయితే 120వ వంతు) దగ్గర ఉంచడమో దీనికి విరుగుడు. మీరు చూస్తున్న ఫొటోల్లో చీకటి పడ్డాక ఉన్నట్టుండి అన్నీ నలుపు తెలుపుగా మారిపోయాయా? ఊదా, ఎరుపు దీపాల కింద ముఖాల రంగు పోయిందని, దాన్ని అలా కప్పారని ఊహించవచ్చు. ఒకటి రెండైతే అందం కోసం, యాభైకి యాభై అయితే దిద్దుబాటు.

లెన్సుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 35 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసేవాళ్లు రెండు మీటర్ల దగ్గరికి వస్తారు. ముఖంతో పాటు చుట్టూ ఉన్నదీ వస్తుంది. 85తో నాలుగైదు మీటర్ల అవతల ఉంటారు. 70-200 జూమ్ లెన్స్‌తో హాలు చివర నుంచే తీయొచ్చు. అన్నీ దూరం నుంచే తీస్తే ముఖాలు గాలిలో వేలాడినట్టుంటాయి, ఎక్కడ జరిగిందో తెలియదు. అన్నీ దగ్గర్నుంచే తీస్తే అతిథులకు స్టేజి కనిపించకుండా ఫొటోగ్రాఫరే అడ్డం ఉంటారు. రెండూ కలిసి ఉన్నాయో లేదో చూడండి.

ఫొటోలు పోవడం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది జరిగితే మళ్లీ తీయడానికి ఆ రోజు తిరిగి రాదు. మెమరీ కార్డు చెప్పాపెట్టకుండా చెడిపోతుంది. అందుకని రెండు కార్డులు పట్టే కెమెరాలు ఉన్నాయి. అడగవలసిన ప్రశ్న 'రెండు కార్డులున్నాయా' అని కాదు. 'ప్రతి ఫొటో రెండింట్లోనూ ఒకేసారి పడుతుందా' అని. కొందరు మొదటిది నిండాక రెండోదానికి వెళ్లేలా పెట్టుకుంటారు. అలా పెడితే రెండో కార్డు చోటు ఇస్తుంది గానీ కాపాడదు. రెండో కెమెరా, రెండో ఫ్లాష్, అదనపు బ్యాటరీలు కూడా ఉండాలి. వేడుక ముగిసిన రాత్రే ఫొటోలు కాపీ చేస్తారా, ఎన్ని చోట్ల? మూడు కాపీలు, అందులో ఒకటి వేరే చోట లేదా క్లౌడ్‌లో ఉండటం పద్ధతి. మీ చేతికి ఫొటోలు అందేదాకా కార్డులు చెరపకూడదు. ఈ ప్రశ్నలకు చిరాకు పడకుండా గడగడా జవాబు చెబితే, రోజూ చేసే పనే చెబుతున్నారని నమ్మవచ్చు.

ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. మీరు చూసిన ఫొటోలు ఒకరివి, ఆ రోజు వచ్చేది ఇంకొకరు. స్టూడియో పేరు మీద పనిచేసేచోట నలుగురైదుగురు ఫొటోగ్రాఫర్లు ఉంటారు, ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లను పంపుతారు. ఒప్పందంలో మనిషి పేరు రాయించండి. మీరు చూసిన ఫొటోలు తీసింది ఆ మనిషేనా అని సూటిగా అడగండి. జబ్బు చేస్తే బదులుగా ఎవరు వస్తారో, వాళ్ల పని ఎక్కడ చూడొచ్చో కూడా రాయించండి. ఇద్దరు వస్తుంటే ఇద్దరి కెమెరాల గడియారాలు ముందే కలుపుకోవాలి. ఏడెనిమిది నిమిషాలు తేడా ఉంటే ఫొటోలు సమయం ప్రకారం పేర్చినప్పుడు ఒకే ఘట్టం రెండుచోట్ల వస్తుంది.

ఒప్పందంలో మిగతావి: ఎన్ని గంటలు, సమయం మించితే గంటకు ఎంత, ఫొటోలు ఏ తేదీకి ఇస్తారు, సుమారు ఎన్ని, ఏ సైజులో, వాయిదా పడితే అడ్వాన్స్ ఏమవుతుంది. గంటకు 50 నుంచి 100 ఫొటోలు ఏరి ఇవ్వడం మామూలు. అంతకు చాలా ఎక్కువ ఇస్తామంటే ఏరడం మీ నెత్తిన వేస్తున్నారన్నమాట. సైజు విషయంలో లెక్క తెలిసి ఉండాలి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 6000, 4000 పిక్సెళ్లుంటుంది. అంగుళానికి 300 చొప్పున 20 అంగుళాల వెడల్పు ప్రింటు వస్తుంది. అదే ఫొటోను కుదించి 1600 పిక్సెళ్లకు దించి ఇస్తే ఐదంగుళాలు దాటగానే పలచబడుతుంది. మీ ఫొటోలు, ముఖ్యంగా పిల్లలవి, ప్రచారానికి వాడుకోవచ్చా లేదా అన్నదీ ఇక్కడే తేల్చుకోండి. హక్కుల చట్టం దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి, మీరు ప్రింటు వేయించుకోవడానికీ పంచుకోవడానికీ అనుమతి ఉందని స్పష్టంగా రాయించుకోవడం క్షేమం.

ఇంతవరకూ వాళ్ల పని చెప్పుకున్నాం. మీ పని కూడా ఒకటి ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఎంత గొప్ప ఫొటోగ్రాఫరైనా మీ ఇంటి మనుషుల మధ్య ఏముందో చూసి చెప్పలేరు. పదేళ్ల తర్వాత ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోబోతున్నారని తెలిస్తేనే కదా, ఆ గుమ్మం దగ్గర కాచుకుంటారు! వారం ముందు ఒక కాగితం ఇవ్వండి. ఒక పేజీ చాలు. ఆ రోజు ఎవరికి ఎవరు ముఖ్యం, ఎవరు చాలా దూరం నుంచి వస్తున్నారు, ఎవరికి ఆరోగ్యం బాగాలేదు, ఎవరిని ఇటీవలే పోగొట్టుకున్నారు, ఎవరిని పక్కపక్కన నిలబెట్టకూడదు, ఎవరికి ఫొటో అంటే ఇష్టం ఉండదు. పది పన్నెండు మంది ముఖాలు ఫోన్లో పంపి పేరు, వరస రాయండి. ఎవరికీ చెప్పకుండా దాచిన బహుమతో, ఆశ్చర్యపరచే ప్రసంగమో ఉంటే ఫొటోగ్రాఫర్‌కు మాత్రం చెప్పండి.

అలాగని వంద ఫొటోల జాబితా ఇవ్వకండి. కంటితో కాగితాన్నీ, కెమెరాతో మనుషుల్నీ ఒకేసారి చూడలేరు. జాబితా గ్రూప్ ఫొటోలకే పరిమితం చేయండి. ఒక్కో గ్రూపుకు మూడు నిమిషాలు వేసుకోండి. పది గ్రూపులంటే అరగంట. అంతకు మించితే వేడుక ఫొటో స్టూడియో అవుతుంది. వయసు మళ్లినవాళ్లు ఉన్న గ్రూపును ముందు తీయించి వాళ్లను కూర్చోనివ్వండి. పెద్ద గ్రూపు నిలబెట్టి ఒక్కో కుటుంబాన్ని తగ్గించుకుంటూ పోతే త్వరగా అవుతుంది. పేరు పెట్టి పిలవడానికి, అందరినీ గుర్తుపట్టే బంధువు ఒకరిని పక్కన ఉంచండి.

సమయపట్టికలో ప్రతి ఘట్టానికీ మధ్య పది నిమిషాలు ఖాళీ వదలండి. నిజానికి చాలా మంచి ఫొటోలు ఆ ఖాళీల్లోనే పుడతాయి, ఎవరూ ఎవరికోసమూ నిలబడని ఆ కాసేపట్లో.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: మా దగ్గర డబ్బు తక్కువ. రోజంతటికీ కొత్తవాళ్లను పెట్టుకోవడం మంచిదా, మూడు గంటలకు అనుభవం ఉన్నవాళ్లను పెట్టుకోవడం మంచిదా?

మూడు గంటలే పెట్టుకోండి. కానీ ఏ మూడు గంటలో మీరు తేల్చుకోవాలి. అందరూ అనుకునేది అసలు ఘట్టం దగ్గర. నేనైతే దానికి గంట ముందు నుంచి పిలుస్తాను. సిద్ధమవుతున్నప్పుడు, ఎదురుచూస్తున్నప్పుడు, దూరం నుంచి వచ్చినవాళ్లు గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు మనుషులు తమను తాము మరిచిపోయి ఉంటారు. ఆల్బమ్ తగ్గించండి, డ్రోన్ తగ్గించండి, గంటలు తగ్గించండి. మనిషి నైపుణ్యం తగ్గించకండి.

ప్రశ్న: మా బంధువుల అబ్బాయి దగ్గర మంచి కెమెరా ఉంది. తీస్తానంటున్నాడు.

ఆ అబ్బాయికి మీ మనుషులందరూ తెలుసు, అది పెద్ద బలం. అయితే తీయడం ఒప్పుకున్నాక ఆ రోజు అతను అతిథి కాడు. కూర్చోవడానికీ, మాట్లాడటానికీ వీలుండదు. చిన్న వేడుకైతే, వెలుగు బాగుంటే నిశ్చింతగా ఇవ్వండి. రాత్రి హాల్లో వందమంది ఉంటే, పనివాళ్లను పెట్టుకుని, ఆ అబ్బాయిని వాళ్లకు మనుషుల్ని చూపించే పనికి పెట్టండి.

ప్రశ్న: ఫొటోలు లింకులో ఇచ్చారు. అక్కడే ఉంచేయవచ్చా?

ఉంచకండి. చాలా లింకులకు గడువు ఉంటుంది, అది ఎప్పటిదాకానో ముందే అడగండి. రెండు హార్డ్ డిస్కుల్లో దించుకుని, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. దించాక ఫైళ్ల సంఖ్య వాళ్లు చెప్పినదానితో సరిపోయిందో లేదో చూడండి. మధ్యలో ఆగిపోయిన డౌన్‌లోడ్‌లో చివరి వంద ఫొటోలు లేకపోయినా ఎవరూ గమనించరు. అందులోంచి 40, 50 ఏరి ప్రింటు వేయించండి, వెనక పెన్సిల్‌తో పేర్లు రాయండి. పేర్లు రాయడానికి ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, అదీ ఈ నెలలోనే.